సొరంగం దాకా వచ్చాడన్నాను

మా రోజుల్లో పదో తరగతి హిందీ గట్టెక్కడానికి ఇరవై మార్కులు చాలు. నాకు ఇరవై ఒకటి వచ్చాయి. పైనున్న ఆ ఒక్క మార్కుని చూసి, రేపల్లె అవతల నగరం మండలంలో ఒక ఊళ్లో నన్ను హిందీ వచ్చినవాడి కింద జమకట్టారు. నేనూ కాదనలేదు.

ఆ ఊరు నా స్నేహితుడిది. తెనాలిలో ఇంటర్ చదివినప్పుడు ముగ్గురం ఒకే బెంచీ. తెనాలివాణ్ణి నేను, ఆ ఊరి రైతు కుటుంబంవాడు, బాపట్ల నుంచి ఒక సాయిబుగారబ్బాయి. వాళ్ళ నాన్న టైలరు. మిలిటరీ సెలక్షన్లకు కూడా ముగ్గురం కలిసే వెళ్ళాం. ఛాతీ కొలిచేచోట టేపు పట్టుకున్నాయన "గాలి పీల్చు" అన్నాడు. "పీల్చానండి" అన్నాను. ఆయన టేపుని చూసి, నన్ను చూసి, "ఇంటికెళ్ళు బాబూ" అన్నాడు. వాళ్ళిద్దరూ సైనికులయ్యారు. నేను తెనాలిలో ఎరువుల కొట్లో గుమస్తానయ్యాను. రెండు విధాలా దేశానికి మేలే.

రెండువేల రెండులో సైన్యాన్ని సరిహద్దుకు తరలించారు. యుద్ధం ఇవాళో రేపో అని టీవీలో రోజూ చెప్పేవారు. రాజస్థాన్ ఇసకలోంచి ఆ ఊరివాడు ఉత్తరం రాశాడు. 'టీవీ చూసి అమ్మ ఏడుస్తోందంట. ఆదివారం నీకెలాగూ పనుండదు. వెళ్ళి కాస్త నవ్వించు.'

ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే. వాళ్ళాయన ఎప్పుడో పోయాడు. ఆదివారాలు రేపల్లె పాసింజర్ ఎక్కి, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళేవాణ్ణి. "పిన్నీ, మీవాడు తుపాకీ పట్టాడని తెలిసి అవతలివాళ్ళు గాక మనవాళ్ళే దూరం జరుగుతున్నారంట" అనేవాణ్ణి. "ఊరుకోవయ్యా, నీ వేళాకోళం తగలెయ్య" అని నవ్వేది. భోజనం పెట్టేది. నాకది ఉద్యోగం కన్నా బాగుండేది.

ఒక ఆదివారం పొద్దున నేను అక్కడుండగానే ఎస్టీడీ బూతు ఆయన గుమ్మంలోకొచ్చి కేకేశాడు. "అక్కా! మిలిటరీ నుంచి ఫోను. అంతా హిందీ!"

"నువ్వు మాట్లాడయ్యా, నీకొచ్చుగా" అందావిడ.

బూతులో నేను, అద్దం తలుపు బయట ఆవిడ. లైను గరగరలాడుతోంది. అవతలాయన మొదట 'అఫ్సోస్' అన్నాడు. ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాడనుకున్నాను. తర్వాత వాడి పేరు చెప్పి 'నహీ రహే' అన్నాడు. రహనా అంటే ఉండటం, అది నాకు ఖాయంగా తెలుసు. అంటే అక్కడ ఉండటం లేదు. చివర్లో 'సురంగ్' అనే మాట దొరికింది. సొరంగం! రైలు దారిలో ఎన్ని ఉండవు!

తలుపు తీసి, "పిన్నీ, మీవాడక్కడ లేడంట. బయల్దేరాడు. రైలు సొరంగం దాకా వచ్చేసింది" అన్నాను.

ఆవిడ బూతు ఆయన చేతులు పట్టుకుంది. ఇంటికెళ్ళగానే డబ్బాలోంచి మినుములు తీసింది, సున్నుండలకి.

బాపట్లవాడు చెయ్యి విరిగి, సిక్ లీవులో ఇంటి దగ్గరున్నాడు. ఈ కబురు వాడికి చెప్పి ఏడిపిద్దామని బస్సెక్కాను. వాళ్ళ నాన్న కుట్టు మిషను పక్కన వాడు కట్టు కట్టిన చేతితో కూర్చుని చొక్కా కాజాలకు సుద్దతో గుర్తులు పెడుతున్నాడు.

"నీకు చెయ్యి విరిగితే లీవు. వాడికి ఏమీ విరక్కుండానే ఇచ్చార్రా" అన్నాను.

"ఇప్పుడు లీవులెక్కడియిరా? అన్నీ బంద్. ఎవరు చెప్పారు?"

"మీ ఆఫీసువాళ్ళే. 'వో నహీ రహే' అన్నారు. ఏం, గ్రామర్ తప్పా?"

మిషను ఆగింది. వాళ్ళ నాన్న తలెత్తాడు.

"ఇంకేమన్నారు?" అన్నాడు వాడు, మెల్లగా.

"సురంగ్..."

"సొరంగం కాదురా అది." సుద్దముక్క కింద పెట్టాడు. "మందుపాతర."

తిరుగు బస్సులో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. 'అఫ్సోస్' అంటే విచారమనీ, 'నహీ రహే' అంటే పోయాడనీ వాడే చెప్పాడు. "నేను చెప్తాలే" అన్నాడు. "వద్దు. తప్పు చెప్పిన నోటితోనే ఒప్పు కూడా చెప్పాలి" అన్నాను. నాటకంలో డైలాగులా వచ్చింది. సిగ్గేసి కిటికీలోంచి బయటికి చూశాను.

మినుములు వేగిన వాసన వీధిలోకే వస్తోంది. ఆవిడ తిరగలి ముందుంది. "నీకూ కబురందిందా నాయనా? చెయ్యేంటి అట్టా అయింది?" అని బాపట్లవాణ్ణి పలకరించింది.

"పిన్నీ, పొద్దున నేను తప్పు చెప్పాను. వాడు రైల్లో లేడు."

"మరెక్కడున్నాడు?"

"లేడు" అన్నాను.

మిగతా మాట కోసం ఆవిడ నా మొహం చూస్తూ కూర్చుంది. మిగతా మాటంటూ ఏం లేదు. "యుద్ధం రాలేదు గదయ్యా, రాత్రి కూడా టీవీ చూశా" అంది. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని, కాస్త ఆశగా, "ఇది కూడా నీ వేళాకోళమేనా?" అని అడిగింది.

"కాదు పిన్నీ."

ఆ మాట చెప్పడానికి హిందీ అక్కర్లేకపోయింది.

"ఆవిడకి ఒక పూట సంతోషం ఎక్కువిచ్చావులేరా" అన్నాడు బాపట్లవాడు, డ్యూటీకి తిరిగి వెళ్తూ. ఓదార్చాలని అన్నాడు. కానీ ఆ పూటంతా ఆవిడ తిరగలి తిప్పింది, కొడుకు తింటాడని. దాన్ని సంతోషం ఇవ్వడం అనడానికి నాకు నోరు రాదు.

కర్మకాండలయ్యాక ఆదివారం వెళ్ళాను. నవ్వించే మాట ఒక్కటీ లేకుండా వెళ్ళడం అదే మొదలు. ఆవిడ ఒక్కటే అడిగింది.

"ఆ ఫోను చేసినాయన ఎట్టా మాట్లాడాడయ్యా? మావాడి కోసం అక్కడ ఎవరన్నా బాధపడ్డారా?"

"చెప్తూ చెప్తూ రెండుసార్లు ఆగాడు పిన్నీ."

ఆవిడ తలూపింది. అది నిజమే. ఆయన ఆగినప్పుడల్లా, నా కోసం నిదానంగా చెప్తున్నాడనుకుని, నేను హుషారుగా "హా జీ, హా జీ" అన్నాను. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు.