ఏ పిస్టలైనా ఫరవాలేదన్న మనిషి

2023వ సంవత్సరం. కోవిడ్ ఆంక్షలన్నీ పోయి, మలేషియాలో జార్జ్ టౌన్ శివార్లలోని మా షూటింగ్ క్లబ్బుకు జనం మళ్లీ రావడం అలవాటు చేసుకుంటున్న రోజులు. నేనక్కడ రేంజ్ ఆఫీసర్‌ని. రేంజ్ అంటే గురిపెట్టి కాల్చే చోటు. అక్కడ ఎవరు ఎప్పుడు తుపాకీ ఎత్తాలో, ఎప్పుడు దించాలో చెప్పేది నేను. కొత్తగా వచ్చినవాళ్ల చేతికి ఏ పిస్టల్ నప్పుతుందో చూసి ఎంపిక చేయించేదీ నేనే. మా తాతలు సుంగై సుమున్ అనే ఊరి వైపు కొబ్బరి ఎస్టేటులో చెట్ల కింద కూలిపని చేసినవాళ్లు. వాళ్ల మనవరాలు తుపాకులు తుడుచుకుని బతుకుతోందని నవ్వుకునే చుట్టాలు నాకు ఇప్పటికీ ఉన్నారు. నవ్వుకోనీ, నాకేం పోయింది.

మలేషియాలో సొంత తుపాకీ అంటే మాటలు కాదు. పోలీసు లైసెన్సు కావాలి, అది అడగ్గానే వచ్చేది కాదు. అందుకే సరదాకి కాల్చాలనుకునేవాళ్లు క్లబ్బు పిస్టల్‌తోనే కాలుస్తారు. మేం పక్కన నిలబడి ఉండగా కాల్చి, మా చేతికే తిరిగి ఇచ్చి వెళ్లిపోతారు.

కొత్తవాళ్లకు నేనెప్పుడూ ఇచ్చేది పాయింట్ టూ టూ. తుపాకీ గొట్టం లోపలి వెడల్పును క్యాలిబర్ అంటారు. పాయింట్ టూ టూ అందులో చిన్నది. తూటా సన్నం, చప్పుడు తక్కువ. కాల్చినప్పుడు చేతిని వెనక్కి తన్నే రీకాయిల్ కూడా తక్కువే. సినిమాలు చూసి వచ్చే మగవాళ్లకు మాత్రం ఇది చిన్నతనంగా ఉంటుంది. “ఇంకాస్త పెద్దది లేదా?” అని మొహం మాడ్చుకుంటారు. పెద్దది ఇస్తే రెండో తూటాకే కళ్లు గట్టిగా మూసేసుకుంటారు, గుండు టార్గెట్ కింద మట్టిలో దిగుతుంది. అప్పుడు చడీచప్పుడు లేకుండా చిన్నదాని దగ్గరికే వస్తారు.

ఎంపికకు నా పద్ధతి ఒకటుంది. టేబుల్ మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, తూటాలు లేని పిస్టళ్లు మూడు పెడతాను. ఒకటి పొడుగు గొట్టంతో కాస్త బరువుగా ఉండే టార్గెట్ పిస్టల్. దాని చెక్క పిడి అరచేతి వంపులకు సరిపోయేలా చెక్కి ఉంటుంది. ఇంకొకటి తేలికపాటిది, సన్నటి ప్లాస్టిక్ పిడిది. మూడోది రివాల్వర్. ఒక్కోటీ పట్టుకుని చూడమంటాను. వేలి మెత్తటి భాగం సాగదీయకుండానే ట్రిగ్గర్‌కు అందుతోందా? చెయ్యి చాచి కాసేపు నిలిపితే ముందువైపు సైటు, అంటే గురి చూసుకునే మిట్ట, కుదురుగా ఉంటోందా? బరువు మోయగలగడం గొప్ప కాదు, కదలకుండా పట్టుకోగలగాలి. ఇవన్నీ నేను చూస్తుంటే వాళ్లు వాళ్ల వంకలు వాళ్లు పెడుతుంటారు. ఒకాయనకు రివాల్వర్ పాతకాలంగా ఉంటుంది, ఇంకొకాయనకు ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుంది. ఒకావిడైతే తన చేతిసంచీ పక్కన ఏది అందంగా ఉందో చూసి తీసుకుంది. ఆమె బాగానే కాల్చింది కూడా.

ఆ మనిషి వచ్చింది వారం మధ్యలో ఒక మధ్యాహ్నం, వాన అప్పుడే వెలిసింది. ముప్పై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, భుజాన లాప్‌టాప్ బ్యాగు. ఆఫీసు జరిగే వేళ ఒక్కడే వచ్చాడు. అతన్ని కిరణ్ అందాం, అసలు పేరు అది కాదు. పాస్‌పోర్టులో ఆంధ్రా అని చూడగానే నా నోరు ఊరుకోలేదు.

“ఏటి బాబూ, తెలుగోడివా?”

ఉలిక్కిపడ్డాడు. “అవునండీ. మీకు తెలుగొచ్చా ఆంటీ?”

“రాకేటి, ఇంట్లో మాటాడేది అదే లా. ఏ ఊరినించి వచ్చినావు?”

“కాకినాడ దగ్గరండీ. ఇక్కడ సాఫ్ట్‌వేర్.”

మాట చివర మలయ్ వాళ్ల ‘లా’ తగిలించే మా తెలుగు వింటే అక్కణ్నుంచి కొత్తగా వచ్చినవాళ్లు పడీపడీ నవ్వుతారు. మా అమ్మమ్మలా మాట్లాడుతున్నారంటారు, గోంగూర ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. కిరణ్ మర్యాదకి చిన్నగా నవ్వి ఊరుకున్నాడు. ఎడమచేత్తో రిజిస్టర్‌లో సంతకం పెట్టి నా వెనకే టేబుల్ దగ్గరికి వచ్చాడు.

మూడూ చూపించాను. పట్టుకోమన్నప్పుడు పట్టుకున్నాడు, దించమన్నప్పుడు దించాడు.

“ఏది బాగుంది?”

“ఏదైనా ఫరవాలేదండీ.”

“అదేటి? సేతిలో ఎలాగుంది, బరువుగా ఉందా?”

“మీరేది ఇస్తే అదే.”

సిగ్గరి కాబోలు అనుకున్నాను. చెక్క పిడిది మళ్లీ ఒకసారి పట్టుకోమన్నాను. అప్పుడు చూశాను. ఆ పిడి కుడిచేతి వాటం వాళ్ల కోసం చెక్కింది. అతను పట్టుకున్నది ఎడమచేత్తో. అలా పట్టుకుంటే చెక్క అంచు బొటనవేలి కింద కండలోకి గుచ్చుకుంటుంది. ఎడమచేతి వాళ్లెవరైనా అబ్బా అని వెంటనే కింద పెట్టేస్తారు. ఇతను చాచిన చెయ్యి చాచినట్టే ఉంచాడు. నొక్కుకుపోయిన చోట చర్మం తెల్లబడుతోంది.

“నొప్పి లేదూ?”

“ఫరవాలేదండీ.”

పిస్టల్ అతని చేతిలోంచి నేనే తీసుకున్నాను. అప్పుడు తనంతట తాను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

“కాల్చేటప్పుడు మీరు పక్కనే ఉంటారా? కాసేపు ఒక్కణ్నే వదిలేస్తారా?”

ఎందుకు అడుగుతున్నాడో నాకు అర్థమైంది. మొహంలో మాత్రం ఏమీ కనపడనివ్వలేదు. మూడు పిస్టళ్లూ బీరువాలో పెట్టి తాళం వేశాను. ఈ పూట కాల్చడానికి లేన్ ఖాళీ లేదు, టీ తాగొద్దాం రమ్మన్నాను. అతను బ్యాగు సర్దుకుని నా వెనకే వచ్చాడు. రేంజికి వచ్చి తుపాకీ లేదంటే ఎవరికైనా కోపమొస్తుంది. అతనికి అదీ రాలేదు.

అనుమానం వస్తే తుపాకీ ఇవ్వకూడదని మాకు శిక్షణలో చెప్పారు. ఆ తర్వాత ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. గేటు దాకా పంపించేస్తే క్లబ్బుకి ఏ గొడవా ఉండదు, నాకూ ఉండదు. కానీ ఆ గేటు దాటి అతనెక్కడికి వెళ్తాడు? సరే, పంపడానికి వీల్లేదు అనుకున్నాను. అంతకు మించి నా దగ్గర ఆలోచనేమీ లేదు.

క్యాంటీన్‌లో తేతారిక్ చెప్పాను. నురగ వచ్చేలా ఎత్తు నుంచి పోసే పాలటీ అది. పొరల పరాఠా లాంటి రోటీ చనాయ్ కూడా చెప్పాను. అతను గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు, తాగడం లేదు. చదువుకున్నవాడు, ఎదిగినవాడు. ముక్కూమొహం తెలియని ఆడది ఇలాంటిది అడిగితే ఏమనుకుంటాడో అని భయమేసింది. లేనిపోని ఆలోచన నేనే అతని తలలో పెడతానేమో అన్న భయం అంతకంటే ఎక్కువ వేసింది. అయినా అడిగాను.

“బాబూ, సూటిగా అడుగుతన్నాను, కోపపడకు. సచ్చిపోవాలని ఉందేటి నీకు?”

టేబుల్ వైపే చూస్తూ, అవునన్నట్టు తల ఊపాడు. ఆ తర్వాత, చుట్టూ జనం ఉన్నారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చాడు. నేను ఆపలేదు. పేపర్ నాప్‌కిన్ల డబ్బా దగ్గరికి జరిపాను.

ఏడుపు కాస్త తగ్గాక చెప్పాడు. ఉద్యోగం పోయి నెలలవుతోంది. ఇంట్లో చెప్పలేదు, గదిలో ఉండే స్నేహితుడికీ చెప్పలేదు. రోజూ పొద్దున్నే తయారై, బ్యాగు తగిలించుకుని బయల్దేరతాడు. సాయంత్రం దాకా ఏదో ఒక మాల్‌లో కూర్చుని తిరిగి వెళ్తాడు. అమ్మ ఫోను చేస్తే మీటింగులో ఉన్నానంటాడు. నిద్ర లేదు, తిండి సహించడం లేదు.

“ఎవరికీ తెలీదాంటీ.”

“నాకు సెప్పినావు కదా. ఇప్పుడు ఒకలికి తెలిసింది లా.”

“అమ్మకి చెప్పొద్దండీ.”

“ఇప్పుడే సెప్పొద్దులే. నీ గదిలో ఉన్నోడికి ఫోను సెయ్యి. నాను ఇక్కడే కూకుంటాను.”

నంబరు నొక్కి, అవతల ఎత్తగానే ఫోను నా చేతికిచ్చాడు. “నాను కిరణ్‌కి తెలిసిన ఆంటీని బాబూ. ఆడికి బాగోలేదు. పనుంటే వదిలేసి ఇప్పుడే రా” అన్నాను. అవతలి కుర్రాడు ఎందుకు, ఏమిటి అని అడగలేదు. ఎక్కడికి రావాలి అని మాత్రం అడిగాడు. అతనికి నేనెప్పటికీ రుణపడి ఉంటాను.

మోటార్‌సైకిల్ మీద తడిసి ముద్దయి వచ్చాడు, వాన మళ్లీ పట్టుకుంది. మెడలో ఆఫీసు కార్డు అలాగే వేలాడుతోంది. కిరణ్ పక్కన కూర్చుని, “రేయ్, నాకు చెప్పొచ్చు కదరా” అన్నాడు. అంతే అన్నాడు, వీపు మీద చెయ్యి మాత్రం తియ్యలేదు. నా సహోద్యోగికి రేంజ్ అప్పగించి, ఇద్దర్నీ నా కారులో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు అతన్ని లోపలికి పిలిచేదాకా బయట బెంచీ మీదే కూర్చున్నాను.

తిరిగి వచ్చి కారు ఆపాక వెంటనే దిగలేదు. భయమేసింది. నిజం చెప్పాలంటే కిరణ్ మీద కోపం కూడా వచ్చింది. ఇంత ఊళ్లో నా టేబుల్ దగ్గరికే రావాలా అనిపించింది. కాసేపటికి, నా దగ్గరికే వచ్చాడు, నయం అనిపించింది. రెండూ నా మనసే.

వైద్యం జరిగింది. అమ్మకు చివరికి తనే చెప్పుకున్నాడు. ఆవిడ ఫోనులో తిట్టి, ఏడ్చి, ఆ వారమంతా పూటపూటా మాట్లాడిందట. ఇవన్నీ స్నేహితుడు పంపిన మెసేజీల్లో తెలిశాయి. కొన్నాళ్లకు వేరే ఉద్యోగం దొరికిందని కూడా చెప్పాడు.

అప్పటిదాకా నేను చేతిని చూసి పిస్టల్ ఎంచడమే నా పని అనుకునేదాన్ని. ఆ రోజు నుంచి, పట్టుకున్న మనిషికి ఏదైనా కావాలని ఉందా లేదా అని కూడా చూస్తున్నాను. ఏదైనా ఫరవాలేదు అనేవాళ్లు ఇప్పటికీ వస్తుంటారు. నూటికి తొంభై మంది ఉట్టి మొహమాటస్థులే. వాళ్లతో ఇంకో నాలుగు మాటలు మాట్లాడితే పోయేదేమీ లేదు. ఎవరిమీదైనా నిజంగా అనుమానం వస్తే సూటిగా అడుగుతాను. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడ్డాను కదా, ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ భయం పోగొట్టింది. అడగడం వల్ల ఎవరూ ఆ దారి పట్టరు, ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూసేవాళ్లే ఎక్కువ అని చెప్పింది.

మరుసటి ఏడు ఒక ఆదివారం కిరణ్ మళ్లీ వచ్చాడు, స్నేహితుణ్ని వెంటబెట్టుకుని. మొహం నిండింది. ఈసారి చదువుకుని వచ్చాడు.

“ఆంటీ, ఎడమచేతి గ్రిప్ ఉన్న పాయింట్ టూ టూ ఉందా? బరువు గొట్టం చివర ఉంటే గురి కుదురుతుందట కదా? రివాల్వర్ నాకొద్దు, ట్రిగ్గర్ గట్టిగా ఉంటుంది.”

అన్నీ విన్నాను. అడిగినవాటికల్లా జవాబు చెప్పాను. చివర్న, “బాగా ఎంచినావు బాబూ. అయితే ఇవ్వను” అన్నాను.

“ఎందుకండీ? బాగున్నానని డాక్టర్ చెప్పారు.”

“నాకూ కనిపిస్తంది. నువ్వు బాగుండాలనే ఇవ్వను. ఇంకొన్ని ఏళ్లు పోనీ. వేరే ఆటలు లేవేటి? బాడ్మింటన్ ఆడుకో.”

“అంటే నామీద నమ్మకం లేదన్నమాట.”

“నీమీద ఉంది. తుపాకీ మీద లేదు లా.”

“ఇంత దూరం వచ్చింది ఇది వినడానికా?” గొంతు పెరిగింది. స్నేహితుడు చొక్కా పట్టుకుని లాగుతున్నా వినిపించుకోలేదు. టీ ఇస్తానంటే అక్కర్లేదన్నాడు. లెఫ్ట్ హ్యాండ్ పిస్టలే కావాలి, ఇవాళే కావాలి అని నిలబడ్డాడు. నేను కదల్లేదు. ఇక లాభం లేదని, గేటు తలుపు ధనామని వేసి వెళ్లిపోయాడు.

రోడ్డు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ఇంకా చేతులు తిప్పుతూ స్నేహితుడితో నన్ను తిడుతూనే ఉన్నాడు. నా ఉద్యోగంలో చాలామందికి కోపం తెప్పించాను. ఏదైనా ఫరవాలేదన్న మనిషికి అంత కోపం వచ్చినందుకు అంత సంతోషపడింది మాత్రం ఆ రోజే.