కనిపించకూడని గోడ

మేస్త్రికి నక్షా చదవడం రాదు, కొండను చదవడం వచ్చు. ప్రతి రాయినీ తిప్పి చూసి, కొండ మీద అది ఏ ముఖం ఎండకు పెట్టి కూర్చుందో కనిపెట్టి, గోడలోనూ ఆ ముఖాన్నే బయటికి పెట్టేవాడు. "రాళ్లను ఫొటోకి కూర్చోబెడుతున్నాడు" అని కూలీలు నవ్వుకునేవారు.

సముద్రం పక్క కొండవాలులో హోటల్ కడుతున్నారు. డిజైన్ గీసిన ఇంజనీరమ్మ మొదటిరోజే తేల్చి చెప్పింది. "పడవలోంచి చూస్తే కొండే కనపడాలి. గోడ కనపడిందా, పడగొట్టి మళ్లీ కట్టాల్సిందే."

అరవై అడుగుల గోడ, నాలుగు నెలల పని. ఆఖరి రెండు వరసలు పరీక్షకు ముందురోజు సాయంత్రం లేచాయి. పడవలోంచి చూసే ఆ పరీక్ష రోజు ఉదయం మేస్త్రికి ముద్ద దిగలేదు.

"కనపడకపోతే సంబరమేంటి? నా మొగుడు కట్టాడని ఎవరికి చూపించుకోను?" అంది భార్య.

"చూపించకూడదే. అదే పని."

పడవ మేస్త్రి బావమరిదిది, నడిపేదీ వాడే. మైలు దూరం పోయాక ఇంజనీరమ్మ బైనాక్యులర్‌తో కొండనంతా రెండుసార్లు గాలించింది.

"మేస్త్రీ, గోడెక్కడ?"

"మీరు చూస్తున్నదేనమ్మా."

ఆమె నవ్వింది. మేస్త్రి నాలుగు నెలలుగా బిగబట్టిన ఊపిరి వదిలాడు.

బావమరిది మాత్రం మెడ సాచి వెతుకుతున్నాడు. "బావా, మా తెల్లబండేదీ?"

"ఏ బండరా?"

"దానికి సూటిగా వస్తేనే కదా నీళ్లకింది ఇసుకదిబ్బ తప్పేది! నిన్నటిదాకా ఉందే!"

మేస్త్రి మొహం పాలిపోయింది. ఆ బండ ఆఖరి రెండు వరసల వెనక ఉంది.

"ముందే చెప్పొద్దట్రా!"

"బండ ఎక్కడికి పోతుందిలే అనుకున్నా. నువ్వు మింగేస్తావని నాకేం తెలుసు?"

బావమరిది అందాజుగా పడవను ఒడ్డుకు తిప్పాడు. అది నేరుగా పోయి దిబ్బెక్కి కూర్చుంది. ముగ్గురూ నడుంలోతు నీళ్లలో దిగి తోశారు. ఇంజనీరమ్మ బైనాక్యులర్ నెత్తిన పెట్టుకుని మరీ తోసింది.

ఒడ్డున బట్టలు పిండుకుంటూ అంది. "గోడ పడగొట్టక్కర్లేదు మేస్త్రీ. దాని మీదే, బండ ఉన్నచోట సున్నం కొట్టండి."

"కనపడుతుందమ్మా!"

"కనపడాలి."

కొట్టాడు. అదీ నలుచదరంగా కాదు, బండ ఎలా వంకర తిరిగి ఉండేదో అలాగే.

ఇప్పుడు ఒడ్డున ఎవరు కలిసినా భార్య చెయ్యి చాపి చూపిస్తుంది. "అదిగో, ఆ తెల్లటిది మా ఆయన పనే."

"అది ఉత్త సున్నమే పిచ్చిదానా. దాని చుట్టూ ఉన్నదీ నా పని" అంటాడు మేస్త్రి.

"చుట్టూ ఏముంది? కొండేగా!"

ఆ పూట మేస్త్రి ఇంకో ముద్ద ఎక్కువ తింటాడు.