అత్త చేతి టిప్పు

మొన్న పొద్దున మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న వచ్చింది. మూడో అంతస్తులో ఉండే కొత్త జంట వియత్నాం వెళ్తున్నారట. అక్కడ హోటల్లో గది శుభ్రం చేసేవాళ్లకి టిప్పు ఇవ్వాలా, ఇస్తే ఎంతివ్వాలి అని అడిగారు. మంచినీళ్ల ట్యాంకరు రాలేదని మొత్తుకున్నా ఉలకని గ్రూపు ఒక్కసారిగా నిద్ర లేచింది. అక్కర్లేదని కొందరు, ఇచ్చి అలవాటు చేస్తే తర్వాత వెళ్లేవాళ్లకి ఇబ్బందని ఇంకొందరు. తను ఎప్పుడూ ఎక్కడా ఇవ్వలేదని ఒకాయన గర్వంగా రాశాడు. నేనూ ఏదో రాయబోయి, చెరిపేసి, ఫోను బోర్లించి పెట్టాను. సమాధానం చెప్పాలంటే మా అత్త గురించి చెప్పాలి. ఆవిడ గురించి వాట్సాప్‌లో చెప్పడం కుదరదు.

అత్త అంటే మా నాన్న ఆఖరి చెల్లెలు. నాకంటే పదేళ్లు పెద్దది, అంతే. మామయ్య పోర్టులో పనిచేసేవాడు. పెళ్లయిన కొన్నాళ్లకే పోయాడు, పిల్లల్లేరు. అత్త విశాఖపట్నం వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్టాయన మేడ మీద ఒంటి గదిలో అద్దెకుంటూ, బీచ్ రోడ్డులో ఒక హోటల్లో గదులు శుభ్రం చేసే పనిలో చేరి, ఆ పనిలోనే ముసలిదయింది. మద్దిలపాలెంలో నా ఫ్లాటుకి ఎప్పుడొచ్చినా కాఫీ కూడా తాగకుండా ముందు నా మంచం మీది దుప్పటి లాగి అవతల పడేసేది. "మూలలు ఇలగ మడత పెట్టాల గుంటా," అని మళ్లీ పరిచేది. బడిలో పిల్లలందరినీ గడగడలాడించిన టీచర్ని, రిటైరయ్యే వయసొచ్చినా ఆవిడకి గుంటనే, చిన్నపిల్లనే. నన్నలా పిలిచే మనిషి చివరికి ఆవిడొక్కతే మిగిలింది.

ఆ హోటల్లో ఒక పద్ధతుండేది. గదిలో దిగినవాళ్లు బయటికి వెళ్లాకే వీళ్లు లోపలికి వెళ్లాలి. గదిలో డబ్బు కనిపిస్తే, అది టిప్పని చీటీ రాసి పెట్టకపోతే, ముట్టుకోకూడదు. కవర్లో పెట్టి కింద ఆఫీసులో అప్పజెప్పాలి. బస చేసేవాళ్లకి ఈ సంగతి తెలియదు. మంచి మనసుతోనే దిండు మీద నోటు పెట్టి వెళ్లిపోయేవారు. అత్త ఆ నోటు తీసుకెళ్లి కింద ఇచ్చేసేది. డబ్బు పోయినందుకు ఆవిడెప్పుడూ బాధపడలేదు. ఆవిడ బాధ వేరు. "అన్నేళ్లు ఆళ్ల పక్కలేసినాను. ఒక్కళ్ల మొకం సరిగ్గా సూడనేదు. ఆళ్లూ నా మొకం సూడనేదు," అనేది. మనుషుల్ని చూడకుండానే ఆవిడకి వాళ్ల గురించి చాలా తెలిసిపోయేది. ఎవరికి రాత్రి నిద్ర పట్టలేదో దుప్పటి చెప్పేది, ఎవరు ఏడ్చారో దిండు చెప్పేది. సాయంత్రం తన గదికొచ్చి ఆ సంగతులు చెప్పుకుందామంటే ఆవిడకి వినే మనిషి లేదు.

నేను రిటైరయ్యాక థాయిలాండు వెళ్దామనుకున్నాను. మద్దిలపాలెంలోనే ఉన్న ట్రావెల్స్ వాళ్లు, ఇద్దరు కలిసి గది తీసుకుంటే ఒక రేటు, ఒంటిగా వస్తే ఇంకా ఎక్కువ అన్నారు. పెళ్లి చేసుకోనందుకు జీవితంలో చాలామందికి సంజాయిషీ ఇచ్చుకున్నాను గానీ, జరిమానా కట్టమన్నది మాత్రం వాళ్లే. అందుకని అత్తని రమ్మన్నాను. "విశాపట్నంలో సముద్రం నేదేటి? దీనికోసం ఇమానం ఎక్కాలా?" అంది. అంటూనే ట్రంకు పెట్టెలోంచి కొత్త చీరలు తీసింది. తను కూడా ఒక హోటల్లో దిగుతుందని అప్పటికి ఆవిడకి ఇంకా నమ్మకం కుదరలేదు.

అక్కడ సముద్రం ఒడ్డునే మా హోటలు. తెల్లారి టిఫిన్ల దగ్గర టూర్ మేనేజరు కుర్రాడు, రోజూ దిండు మీద ఒక ఇరవై బాత్‌ల పచ్చ నోటు పెట్టండి, ఇక్కడ మర్యాద అని చెప్పాడు. వెంటనే పంచాయితీ మొదలైంది. "గది డబ్బుల్లోనే అన్నీ కలిపీసినారు బావా. మళ్లీ మనమెందుకియ్యాల?" అన్నాడు పెందుర్తి నుంచి వచ్చిన ఆయన. "రేత్రి బీరుకెంత పోసినావు బావా? దీనికొచ్చిందేటి లెక్క?" అన్నాడు ఆనందపురం ఆయన. అత్త ఇడ్లీ లేని ఆ టిఫిన్ వంక చూస్తూ, ఎవరూ అడక్కుండానే, "దిండు మీద ఒగ్గీకూడదు. సేతిలో ఎట్టాల," అంది. ఎవరూ పట్టించుకోలేదు. నేను కూడా అక్కడితో అయిపోయిందనుకున్నాను.

కానీ బస్సు బయల్దేరే వేళకి అత్త రానంది. "నువ్వెల్లు గుంటా. ఆ మనిసొచ్చేదాకా నానుంటాను." సాయంత్రం నేనొచ్చేసరికి మంచం అంచున కూర్చునే ఉంది. చెత్తబుట్ట నిండా చెత్త, మార్చని తువ్వాళ్లు, చేతిలో నలిగిన నోటు. గది శుభ్రం చేసే మనిషి తలుపు కొట్టిందట, అత్తని చూడగానే సారీ సారీ అంటూ వెళ్లిపోయిందట. రెండో రోజూ అంతే. ఆ రోజు తలుపు కూడా కొట్టలేదు, ట్రాలీ చక్రాల చప్పుడు గది ముందు కాసేపు ఆగి ముందుకెళ్లిపోయింది. "లోపల మనిసుంటే అదెలగొస్తాది? నానూ వొచ్చీదాన్ని కాదు," అంది అత్త. మరైతే నువ్వు బయటికి రా, అది వస్తుంది అన్నాను. "నాను బైటికొచ్చీస్తే దాని మొకం నానెలగ సూత్తానే?" అంది. ఒక్క మనిషిని చూడ్డానికి ఆవిడ పగడాల దీవినీ, ఏనుగుల ఆటనీ వదులుకుని కూర్చుందంటే, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

చివరి రోజు నేనూ బస్సెక్కలేదు. ఇద్దరం గోడకానుకుని వరండాలో చప్పుళ్లు వింటూ కూర్చున్నాం. ట్రాలీ వచ్చింది, ఆగింది. అత్త ఒక్క ఉదుటున తలుపు తీసింది. నలభై దాటిన మనిషి, బక్కగా ఉంది, సారీ అంటూ వెనక్కి జరుగుతోంది. అత్త ట్రాలీ మీది ఉతికిన దుప్పటి తీసుకుని తిన్నగా గదిలోకి వచ్చేసింది. దుప్పటి కోసమైనా ఆ మనిషి వెనకే రావలసి వచ్చింది. తనవల్ల ఏదో తప్పు జరిగిందని భయంగా నా వైపు చూసింది. నేను టీచరు ఇంగ్లీషులో ఏదో అన్నాను, అది ఆ ఇద్దరిలో ఎవరికీ అవసరం లేకపోయింది. అత్త మంచానికి ఇటు నిలబడి దుప్పటి రెండో కొస అటు విసిరింది. ఆమె పట్టుకుంది. దుప్పటి గాలికి పొంగి కిందికి దిగింది. మూలలు ఇద్దరూ ఒకేలా మడిచారు. అది చూసుకుని ఇద్దరూ నవ్వారు. తన అంతస్తులో అన్నేళ్లూ అత్త ఒక్కతే పనిచేసింది, అవతలి కొస పట్టిన మనిషి ఏనాడూ లేదు.

తర్వాత అత్త ఆ నోటు ఆమె అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. ఆమె రెండు చేతులూ జోడించింది, అత్త కూడా జోడించింది. ఆమె వెళ్లాక అత్త ట్రాలీ చప్పుడు వినపడకుండా పోయేదాకా తలుపు దగ్గరే నిలబడి, "నాలగే ఉంది," అంది. ఇద్దరికీ ఎక్కడా పోలిక లేదు.

పోయిన వేసవిలో అత్త మంచం పట్టింది. వన్‌టౌన్ గది ఖాళీ చేయించి నా దగ్గరికి తెచ్చుకున్నాను. పడుకున్న మనిషి కింద దుప్పటి మార్చడం ఒకరి వల్ల అయ్యే పని కాదు. ఆవిడని ఇటు ఒత్తిగిలించి సగం, అటు ఒత్తిగిలించి సగం పరిచేదాన్ని. మూలలు వంకరగా వచ్చినా ఆవిడిక దిద్దలేదు. ఒకరోజు అంతా అయ్యాక దిండు కింద తడుముకుని, నా అరచేతిలో ఏదో పెట్టి వేళ్లు మూసింది. చూస్తే థాయిలాండులో మిగిలిన పచ్చ నోటు. "ఏటత్తా ఇది? నానేటి పనిమనిసినా?" అన్నాను. నాకు నిజంగానే కోపం వచ్చింది. ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది. "నా పక్క ఎప్పుడూ ఎవలూ ఎయ్యనేదే గుంటా," అంది. నేను వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. వానలు పడకముందే అత్త పోయింది.

ఆ నోటు ఇక్కడ చెల్లదు. నా కళ్లజోడు పెట్టెలో ఉంది. మొన్న బోర్లించిన ఫోను మళ్లీ తీసి, "తప్పకుండా ఇవ్వండి. దిండు మీద పెట్టి వెళ్లకండి, ఆ మనిషి కనిపిస్తే మొహం చూసి చేతికివ్వండి," అని రాశాను. ఎవరో బొటనవేలు బొమ్మ పెట్టారు. కొత్త పెళ్లికూతురు, "ఎంత ఇవ్వాలి ఆంటీ?" అని అడిగింది. ఫోను పక్కన పెట్టి మంచం మీద దుప్పటి మార్చడానికి లేచాను. ఈ మూల మడిచి ఆ మూలకి వెళ్లేసరికి ఇది ఊడిపోతుంది, ఇటొస్తే అది. ఒంటిగా పక్క వేసుకునేవాళ్లకి మంచం చుట్టూ తిరగడంలోనే సగం పొద్దు గడిచిపోతుంది, మిగతా సగం మాత్రం ఎంతకీ గడవదు.