లైమా ఇంజన్‌కు నేను చేసిన అన్యాయం

మాస్టర్స్ అయిపోయి ఏడు నెలలైనా ఉద్యోగం రాలేదు. జర్మనీలోని ఆకెన్‌లో ఆ చలికాలమంతా నాకు కాలు ఒకచోట నిలవలేదు. పొద్దున్నే మెయిల్ తెరవడం, "మీ ఆసక్తికి ధన్యవాదాలు" అని మొదలవగానే మూసేయడం, కోటు వేసుకుని బయటపడటం. విద్యార్థులకిచ్చే బస్సు, రైలు సెమిస్టర్ టికెట్ పోయింది కాబట్టి అంతా నడకే. ఊరు చుట్టి ఇంటికొచ్చాక వంటింటికీ కిటికీకీ మధ్య తిరిగేదాన్ని.

"నువ్వట్ల తిరుగుతుంటే నాకు తల తిరుగుతుందే. జర కూసో," అనేది నా రూమ్‌మేట్. ఆమెది హైదరాబాద్ టోలిచౌకి. అప్పటికే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కుదురుకుంది. కూర్చోవడం అంత తేలికైతే నేనెప్పుడో కూర్చునేదాన్ని.

ఒకరోజు యూనివర్సిటీ క్యాంటీన్ బోర్డు మీద చేతిరాత కాగితం ఒకటి కనిపించింది. ఇంగ్లీషులో ఉన్న పాత ఇంజనీరింగ్ డ్రాయింగులు చదివి వినిపించే మనిషి కావాలట, వారానికి రెండు మధ్యాహ్నాలు. ఆ సాయంత్రమే ఫోన్ చేశాను.

ఆ కాగితం పెట్టినాయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఉద్యోగమంతా ఫ్యాక్టరీ బాయిలర్లు తనిఖీ చేసి, సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టిన మనిషి. రిటైరయ్యాక చూపు మధ్యలోంచి పోవడం మొదలైంది. "మిమ్మల్ని నేరుగా చూస్తే మీ చెవులు కనిపిస్తాయి. ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు," అన్నాడు మొదటిరోజే, కాఫీ పోస్తూ. వేలు కప్పులో ముంచి ఎంత నిండిందో చూసుకున్నాడు.

ఆయన రాస్తున్న పుస్తకం అమెరికా పెద్ద ఆవిరి ఇంజన్ల గురించి. ఎవరు కట్టారు, ఎలా కట్టారు, ఎవరిది మెరుగు. కంపెనీల పేర్లు పలికేవాడు కాదు, ఊళ్ళతోనే పిలిచేవాడు. షెనెక్టడీ వాళ్ళు, ఫిలడెల్ఫియా వాళ్ళు, లైమా వాళ్ళు, రోనోక్ వాళ్ళు. మా చుట్టాల గురించి మా అమ్మ "వరంగల్లు వాళ్ళు, జనగామ వాళ్ళు" అన్నట్టే ఉండేది. నేను కాజీపేటలో పుట్టినదాన్నే కానీ, నాకు ఊహ తెలిసేసరికి అక్కడ ఆవిరి ఇంజన్లు లేవు. వాటి గురించి నాకు తెలిసిందంతా ఆయన బల్ల దగ్గర నేర్చుకున్నదే.

ఆ ఇంజన్లలో ఒకే బాయిలర్ కింద చక్రాల చట్రాలు రెండు, వంపు వచ్చినప్పుడు ముందుది పక్కకు తిరుగుతుంది. అక్కడిదాకా అందరూ ఒకటే. తర్వాత నుంచి ఎవరి దారి వాళ్ళది. షెనెక్టడీ వాళ్ళ బిగ్ బాయ్ అనే ఇంజన్ పొడుగ్గా, కొండల మీదుగా వేగంగా సరుకు లాగడానికి పుట్టింది. రోనోక్‌లో రైల్వే వాళ్ళే తమ షెడ్డులో కట్టుకున్న ఇంజన్ అదే ఆవిరిని రెండుసార్లు వాడుకుంటుంది, వెనక సిలిండర్లలో ఒకసారి, ముందు సిలిండర్లలో మరోసారి. నెమ్మదైనది, పొదుపైనది. లైమా వాళ్ళు మంటగది ఎంత పెద్దది పెట్టారంటే, దాన్ని మోయడానికే వెనక ఆరు చక్రాలు కావాల్సి వచ్చింది.

నేను అడుగులు, అంగుళాలు చదివితే ఆయన మిల్లీమీటర్లలోకి మార్చి రికార్డర్‌లో చెప్పుకునేవాడు. నా ఫోన్ బల్ల మీదే ఉండేది. మెయిల్ వచ్చినప్పుడల్లా వెలిగేది. వెలిగినప్పుడల్లా నా కళ్ళు అటు పోయేవి.

లైమా ఇంజన్ చదివిన వారంలోనే బవేరియాలో డెగ్గెన్‌డార్ఫ్ దగ్గరి ఒక కంపెనీ నుంచి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. అది ఫోన్‌లో వెలిగిన మధ్యాహ్నమే ఆయన, "మంటగది ముందు మంట పూర్తిగా కాలడానికి వదిలిన ఖాళీ పొడవెంత?" అని అడిగాడు. పట్టికలో చూసి చెప్పాను. ఆయన రికార్డర్ ఆపాడు.

"అంత తక్కువా?"

"అవును."

"అయితే సగం బొగ్గు కాలకుండానే పొగగొట్టంలోకి పోతుంది. ఇంత పేరున్న వాళ్ళు ఇలా ఎలా కట్టారు?"

"నోరు పెద్దది, పొట్ట చిన్నది," అన్నాను నేను జర్మన్‌లో. ఆయన పగలబడి నవ్వాడు. ఆ మాటే శీర్షికగా పెట్టి, లైమా వాళ్ళను దులిపేస్తూ నాలుగు పేజీలు చెప్పి రాయించాడు. ఆయన సభ్యుడిగా ఉన్న రైలు అభిమానుల క్లబ్బు పత్రికలో అది అచ్చయింది కూడా.

ఇంటర్వ్యూకి బయల్దేరిన రోజు రైలు నూరెంబర్గ్ దాటాక పొలాల మధ్య ఆగిపోయింది. ఎంతసేపో చెప్పలేదు. జవాబులు నెమరేసుకుంటూ, వాచీ చూసుకుంటూ, కూర్చోలేక రెండు బోగీల మధ్య నిలబడి ఫోన్‌లో ఫోటోలు తోస్తున్నాను. ఆయన బల్ల దగ్గర నేను తీసుకున్న లైమా పట్టిక ఫోటో వచ్చింది. ఎందుకో వేళ్ళతో పెద్దది చేశాను. నేను చదివిన అంకె లైమాది కాదు. పక్క వరసలోని చిన్న ఇంజన్‌ది. అసలు అంకె దానికన్నా చాలా పెద్దది.

ఆ రోజు ఇంటర్వ్యూలో వాళ్ళేం అడిగారో, నేనేం చెప్పానో ఇప్పటికీ సరిగ్గా గుర్తులేదు. నేను వేసిన డ్రాయింగులో కొలతలు ఒక్కొక్కటి చూపించి "ఇదెంత?" అని అడుగుతుంటే, ప్రతి అంకెనీ రెండుసార్లు తడుముకుని చూసుకున్నాను. రెండు వారాలకు "ధన్యవాదాలు" అని మెయిల్ వచ్చింది.

కానీ నా అసలు గొడవ అది కాదు. ఇంటికొచ్చి రూమ్‌మేట్‌కు చెప్పాను.

"చెప్పకు," అంది ఆమె, రోటీ కాలుస్తూ. "ఎనభై ఏళ్ళ నాటి ఇంజన్, యార్. ఎవరికి నష్టం? ఆయనకు ఎట్లైనా కనపడది."

"కనపడదనే కదా నన్ను పెట్టుకుంది."

ఆమె పెనం మీదినుంచి తలెత్తి నన్ను చూసి, మళ్ళీ రోటీ తిప్పింది.

సోమవారం ఆయన తలుపు తీయగానే, కోటైనా విప్పకుండా చెప్పేశాను. ఆయన బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు.

"ఎందుకు తప్పింది?"

"ఫోన్ చూశాను. మళ్ళీ కాగితం చూసేటప్పుడు పక్క వరసలోకి పోయాను."

"నేను ఉద్యోగంలో ఉండగా ఎవరైనా బాయిలర్ కొలత ఇలా చెప్పి ఉంటే, ఏమయ్యేదో తెలుసా?" గొంతు పెంచలేదు. "ఈ రోజుకు చాలు. మీరు వెళ్ళండి."

పది రోజులు ఫోన్ లేదు. ఆ పది రోజులు నేను నడిచినంత ఎప్పుడూ నడవలేదు. ఒకసారి వాళ్ళ వీధి దాకా పోయి, కిటికీలో దీపం చూసి వెనక్కి తిరిగాను. ఆ చదివే పని పోయిందని కాదు, ఒక మనిషి కళ్ళను అరువు తీసుకుని పోగొట్టినట్టు ఉండేది.

పదకొండో రోజు ఆయనే చేశాడు. "గురువారం మీకెక్కడైనా టెర్మిన్, అపాయింట్‌మెంట్ లాంటిది ఉందా? లేకపోతే రండి. ఒక స్కేలు తెచ్చుకోండి."

పోయాక ఫోన్ తీసి నా కోటు జేబులో పెట్టించి, కోటును హాల్లో తగిలించాడు. వరస కింద స్కేలు పెట్టి చదవమన్నాడు. నేను చదివింది ఆయన తిరిగి చెప్పేవాడు, నేను మళ్ళీ చూసేదాన్ని. లైమా మొదటి కాగితం నుంచి మొదలుపెట్టాం. మూడు వారాలు పట్టింది. అసలు కొలతతో లెక్క వేస్తే ఆ ఇంజన్ బాయిలర్ ముందు షెనెక్టడీ వాళ్ళది కూడా తేలిపోయింది. నలభై ఏళ్ళుగా షెనెక్టడీయే గొప్పదని నమ్మిన మనిషి, ఆ సాయంత్రం కాఫీ తాగకుండా చల్లారనిచ్చాడు.

"బాయిలర్ వరకే," అన్నాడు చివరికి. "చక్రాలు, చట్రం మాత్రం షెనెక్టడీవే మెరుగు."

క్లబ్బు పత్రికకు పంపే సవరణలో "రచయిత పొరపాటు" అని చెప్పి రాయించబోయాడు. "చదివిన మనిషి పొరపాటని పెట్టండి," అన్నాను. "రెండోసారి అడగనిది నేను," అన్నాడు. చాలాసేపు వాదించుకుని, రెండూ పెట్టాం.

వేసవిలో నాకు ఇక్కడికి దగ్గర్లోనే వాల్వులు చేసే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు శనివారాలు మాత్రమే పోతున్నాను. ఆయనకు ఇప్పుడు నా చెవులు కూడా కనిపించడం తగ్గిందట, గొంతుతోనే గుర్తుపడతాడు. మొన్న మిన్నెసోటాలో ఇనుప ఖనిజం లాగిన ఫిలడెల్ఫియా ఇంజన్ మొదలుపెట్టాం. గంటసేపు విని, "దీన్ని ఇన్నాళ్ళూ చిన్నచూపు చూశాను," అని సిలిండర్ల పేజీ మళ్ళీ చదవమన్నాడు.