సారెలో పెట్టని మండలాఫీసు

మా చిన్నప్పుడు... ఏ కాయితం కావాలన్నా నందికొట్కూరు తాలూకా ఆఫీసుకే. మా ఊరోళ్ళూ, వంకకు అవతల మా అవ్వోళ్ళ ఊరోళ్ళూ ఒకే బస్సెక్కి పోయేటోళ్ళు. ఒకే చెట్టు కింద సద్ది విప్పేటోళ్ళు.

ఆ వంకవతలే మా అమ్మ పుట్టినిల్లు. ఎండాకాలం వంకలో నీళ్ళుండవు గదా... చెప్పులు గూడా లేకుండా పరిగెత్తి పోయి అవ్వ చేతి ఓళిగలు తినొచ్చేదాన్ని.

అంతలో తాలూకాలు తీసేసి మండలాలు చేస్తామన్నారు సర్కారోళ్ళు. ఇంగ చూస్కోండి... ఆఫీసు మాకంటే మాకని రెండూర్లూ ఎగబడినాయి. మా ఊరోళ్ళు చావిడి ఖాళీ చేసి సున్నం కొట్టినారు. వాళ్ళేమో రోడ్డు పక్క చేనే రాసిస్తామన్నారు.

మా నాయనకు ఒక ఎర్రి ధైర్యం. "బావమరిది ఊరే గదా, నేను నోరు తెరిచి అడిగితే కాదంటాడా?" అని తెల్లపంచె కట్టుకోని బయల్దేరినాడు. ఓళిగల ఆశకు నేనూ ఎనకాల పడినా.

మామ ఇంటి అరుగు నిండా మనుషులు. "ఈ ఒక్కటీ మా ఊరికి వదిలెయ్యండప్పా" అన్నాడు నాయన. మామ నవ్వినాడు.

"ఆడబిడ్డనిచ్చినాము, సారె పెట్టినాము. మండలాఫీసు గూడా సారెలో పెట్టమంటావా బావా?"

అరుగంతా ఒకటే నవ్వు. మామ ఎగతాళికే అన్నాడు... కానీ నాయనకు తల కొట్టేసినట్టయింది. మంచినీళ్ళు గూడా ముట్టకుండా లేచినాడు. ఇంటికొచ్చి అమ్మతో ఒకటే మాట: "నువ్వింగ ఆ వంక దాటేది ల్యా."

ఆఫీసు వాళ్ళూరికే పోయింది. పాసుబుక్కు కావాలన్నా, రేషన్ కార్డు కావాలన్నా నాయన ఆడికే పోవాల్సొచ్చె. మామ ఇల్లు కనపడేంత దూరంలోనే కూర్చోని, ఇంటినుంచి కట్టుకపోయిన సద్ది తినొచ్చేటోడు. అమ్మ చెంబుతో నీళ్ళిస్తా, "మా తమ్ముడు కనపడినాడా?" అని అడిగేది.

"నేను పోయింది ఆఫీసుకు, చుట్టరికానికి కాదు" అనేటోడు.

అమ్మను ఒక్కసారే పంపించినాడు... అవ్వ పోయినప్పుడు. థూ, అదేం పంతమో! ఇప్పటికీ తల్చుకుంటే నాకు ఒళ్ళు మండుతాది.

ఇప్పుడు మా ఊర్లోనే సచివాలయం ఉండాది. కాయితాలన్నీ ఈడనే. ఆ మండలాఫీసుకు పోయేటోళ్ళే శానా తక్కువ. మొన్నేమో జిల్లానే చీల్చినారు... కర్నూలోళ్ళం కాస్తా నంద్యాలోళ్ళమైనాము. దానికి మా ఊర్లో ఎవురూ అలగల్యా. "ఏ జిల్లా అయితేనేమప్పా, బతకడానికి" అన్నాడు మా నాయనే! ఆ మాటేదో అప్పుడే అనుంటే...

మామ కరోనాలో పోయినాడు. చివరి చూపు గూడా దక్కల్యా అమ్మకు. అత్తా పిల్లోళ్ళూ కర్నూలు చేరినారు. వంక మీద బ్రిడ్జి పడింది. మొన్న నాయన మెత్తబడి, "పదే, మీ ఊరికి పోయొద్దాం" అన్నాడు.

చాటలో బియ్యం ఏరుతాండే అమ్మ తలెత్తల్యా.

"ఆడ నీ ఆఫీసుండాది, పోయిరాపో. నాకెవరుండారు ఆడ?"

మీ ఇండ్లల్లో గూడా మండలం పేరు చెప్పి తెగిపోయిన చుట్టరికాలుంటే రాయండి... మా ఇంట్లోనే ఇంత ఎర్రితనమా, ఊరూరా ఇంతేనా అని తెలుసుకోవాలనుండాది.