నురుగు ముళ్ళ మేస్త్రీ

"మేస్త్రీ నిర్లక్ష్యం వల్ల కొలత చెడింది" అని నివేదికలో ఒక్క వాక్యం రాసి మా మావయ్యను బయటికి పంపేశారు. పదిహేడేళ్ళు ఆ గదిని కంటికి రెప్పలా చూసుకున్న మనిషిని షెడ్డులో పెట్టెలకు మేకులు కొట్టుకోమన్నారు. రాసినవాడు పెద్ద ఇంజనీరు. ఇక అడిగేదెవరు?

ఆ గదిలో రెండు నిలువుల ఎత్తు యాంటెన్నాలను తిప్పుతూ, ఏ దిక్కుకు ఎంత బలంగా తరంగాలు పంపుతున్నాయో కొలుస్తారు. గోడకు తగిలిన తరంగం తిరిగొస్తే లెక్క తప్పుతుంది. అందుకే గోడలకు, కప్పుకు, నేలకు పరుపుల్లో వాడేలాంటి నురుగుతో (ఫోమ్) చేసిన మూరెడు పొడవు ముళ్ళు అతికిస్తారు. అవి తరంగాలను మింగేస్తాయి. అతికించేది మావయ్యే.

ఒకరోజు గ్రాఫులో ఉండకూడని చోట మూపురం లేచింది. నేలమీద ఒక ముల్లు మొన విరిగి కనబడింది. ఇంజనీరుకు అది చాలు.

"విరిగింది అవతలి మూల సార్. యాంటెన్నా ఇటు తిప్పినప్పుడు కదా మూపురం వస్తోంది?" అన్నాడు మావయ్య.

"నాకు పాఠాలు చెప్తున్నావా?"

షెడ్డుకు వెళ్ళిన మర్నాటి నుంచే మావయ్య భోజనాల వేళ కొలతలు తీసే అమ్మాయి దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాడు.

"బాబాయ్, నా ఉద్యోగానికి ఎసరు పెడతావా ఏంటి?"

"తింటూ ఒక్క మీట నొక్కు తల్లీ. యాంటెన్నా ఒక్క చుట్టు తిరిగితే చాలు."

ఆ వైపు రోజుకొక చోట విడి నురుగు దిమ్మ అడ్డంపెట్టి, తలుపు మూసి, ఒక్క చుట్టు. మూపురం పోలేదంటే తప్పు అక్కడ లేనట్టే. ఇరవై రెండు రోజులు అది చెక్కుచెదరలేదు. నేను ఎగతాళి చేశాను కూడా. ఇరవై మూడో రోజు నిచ్చెనెక్కి, తలుపు పైనున్న కెమెరాకు దిమ్మ అడ్డంపెట్టాడు. మూపురం మాయమైంది.

బయటినుంచి వచ్చే పెద్దలకు యాంటెన్నా తిరగడం తెరమీద చూపించాలని, నాలుగు ముళ్ళు పీకించి ఆ కెమెరా బిగించింది సాక్షాత్తూ ఇంజనీరే. దాని ఇనుప పలక బోసిగా ఉండిపోయి తరంగాలను వెనక్కి కొడుతోంది.

అమ్మాయి ఆ గ్రాఫు చూపించాక కెమెరాను చడీచప్పుడు లేకుండా తీసేశారు. "రేపటినుంచి లోపలికి వచ్చెయ్" అన్నాడు ఇంజనీరు.

"ఆ వాక్యం కొట్టేశారా సార్?"

"ఫైలు పైకి వెళ్ళిపోయిందయ్యా. ఎవరు చూస్తారు?"

"నేను చూశాను కదా సార్. కొట్టేశాకే వస్తాను."

ఎనిమిది నెలలైంది. ఇప్పుడు ముళ్ళు అతికించేవాళ్ళు సందులు వదిలేస్తూ, షెడ్డుకొచ్చి మావయ్యనే సలహా అడుగుతున్నారు. ఆయన చెప్తాడు. లోపల మాత్రం అడుగుపెట్టడు.

మొన్న గేటు దగ్గర కలిసినప్పుడు ఉండబట్టలేక అన్నాను: "సిగ్గుంటే వాళ్ళు ఎప్పుడో కొట్టేసేవాళ్ళు. వదిలెయ్ మావయ్యా."

"ఇన్నాళ్ళూ అడిగితే ఇంజనీరు 'పో' అనేవాడురా. నిన్న 'చూద్దాం' అన్నాడు. ఈరోజు సెలవులో ఉన్నాడంట. రేపు అడుగుతాను."