చల్లటి తోఫునూ ఊదే మనిషి

తొకుజో గారు దేన్నయినా ఊదందే ఊరుకోరు. వేడి టీని ఊదితే ఎవరూ ఏమీ అనరు. ఆయన మంచుముక్కలేసిన నీళ్లను కూడా ఊదుతారు.

న్యుమోనియాతో ఐసీయూలో పడి లేచాక, ఊపిరి వ్యాయామం నేర్పే అమ్మాయి చెప్పింది: "ముక్కుతో పీల్చండి తాతగారూ. పెదాలు సున్నాలా చుట్టి, కొవ్వొత్తి రెపరెపలాడాలే గాని ఆరకూడదు, అంత మెల్లగా వదలండి." అంతే. ఒసాకాలోని ఆ బజారువీధిలో ఆయన ఊదని వస్తువు లేకుండా పోయింది. సోయాపాల జున్నులాంటి చల్లటి తోఫునూ ఊదారు, ఎర్ర సిగ్నలునూ ఊదారు.

"సిగ్నలునెందుకండీ?" అంది భార్య ఫుసాయె.

"పచ్చబడ్డానికి."

"దానంతటదే పడుతుందిగా!"

"ఇప్పుడు పడిందా లేదా?"

చేపల కొట్టావిడయితే, "బాబాయిగారూ, అది పొద్దుననగా చచ్చింది. ఎంత ఊదినా లేవదు" అనేది. వీధంతా విరగబడి నవ్వేది. ఫుసాయె మాత్రం ఆయనెవరో తనకి తెలియనట్టు పది బారలు ముందు నడిచేది.

శరత్కాలంలో పరీక్షకి వెళ్తే డాక్టరు గుండెమీద గొట్టం పెట్టి విని, "ఊపిరితిత్తులు భేషుగ్గా ఉన్నాయి. ఆ ఊదుడు ఇక అక్కర్లేదని పోయినసారే చెప్పానుగా?" అన్నాడు. ఫుసాయె మొగుడివంక చూసింది. ఆయన పైకప్పు వంక చూశారు.

"మరెందుకండీ ఈ వేషాలు?"

"అలవాటు."

ఆ సాయంత్రం ఆమె ఎప్పట్లా ముందు నడవలేదు, కోపం కొద్దీ వెనకబడింది. అప్పుడు కనిపించింది పక్కింటి ఇతోనో గారు. ఆవిడ నాట్యం టీచరు. నర్తకి మొహంలో కండరం కదలకూడదని నలభయ్యేళ్లు పిల్లల్ని దండించిన మనిషి. వేసవిలో ఆవిడా ఐసీయూ నుంచి వచ్చింది. నడుస్తూ ఇదే ఊదుడు ఆవిడకీ చెప్పారు. "నలుగురిలో కోతిమూతి పెట్టనా? చచ్చినా పెట్టను" అని గడప దాటడమే మానేసింది. అలాంటిది, ఇప్పుడు వీధిలో నడుస్తోంది!

ముందు తొకుజో గారు, గుమ్మడికాయనూ సైకిలు గంటనూ ఊదుకుంటూ. జనమంతా ఆయన్ని చూసి నవ్వుతున్నారు. వెనకాల ఇతోనో గారు పెదాలు చుట్టి, మెల్లగా గాలి వదులుతూ, అడుగులో అడుగేస్తోంది. ఆవిడ మూతి వంక చూసే తీరిక ఎవరికీ లేదు.

'అలవాటు' అన్నది ఇందుకా, అనుకుంది ఫుసాయె.

తోఫు కొట్టు దగ్గర ఇతోనో గారు టక్కున ఆగింది.

"తొకుజో గారూ! ఇన్నాళ్ల నుంచీ చూస్తున్నాను. మీరు ఊదే పద్ధతే తప్పు. భుజాలు దించండి. ఆ తొందరేమిటి, రైలుందా?"

"చిత్తం టీచరుగారూ" అని ఆయన బుద్ధిగా భుజాలు దించారు.